పేరు అడగని నమ్మకం

మిషిగన్ రాష్ట్రంలోని ఆన్ ఆర్బర్, ఒక విశ్వవిద్యాలయం చుట్టూ పెరిగిన ఊరు. 2012 ఆగస్టులో అక్కడి రోడ్ల మీద ఒక పెద్ద ప్రయోగం మొదలైంది. ఊరివాళ్ల సొంత కార్లతో పాటు కొన్ని లారీలకూ బస్సులకూ, మొత్తం దాదాపు 2,800 బండ్లకు, చిన్న రేడియో పెట్టెలు బిగించారు. ఆ పెట్టె సెకనుకు పదిసార్లు తన సంగతి చుట్టుపక్కల బండ్లకు చాటుతుంది: నేనిక్కడున్నాను, ఇంత వేగంలో ఇటు పోతున్నాను, ఇప్పుడే బ్రేకు పడింది. సుమారు 300 మీటర్ల లోపు ఉన్న ప్రతి పెట్టెకూ ఆ కబురు అందుతుంది. బండి మలుపు అవతల ఉన్నా, మధ్యలో పెద్ద లారీ అడ్డమున్నా, పొగమంచు కమ్మినా అందుతుంది.

హైదరాబాద్–విజయవాడ రోడ్డు మీద రాత్రిపూట ప్రయాణించేవాళ్లకు దీని విలువ విడమరిచి చెప్పనక్కర్లేదు. లైట్లు లేకుండా దారి పక్కన ఆగిన లారీని తెల్లవారుజామున కారు వెనక నుంచి ఢీకొట్టిందన్న వార్త మనకు అలవాటైపోయింది. ఆ లారీకి నోరుంటే కారులో ఉన్నవాళ్లు బతికేవాళ్లు. అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ 2014లో ఒక అంచనా వేసింది. కూడలి దగ్గర హెచ్చరిక, ఎదురుగా బండి వస్తుండగా ఎడమకు తిరిగేటప్పుడు హెచ్చరిక, ఈ రెండూ అక్కడి బండ్లన్నిటిలో ఉంటే ఏటా 49 నుంచి 1,083 ప్రాణాలు నిలుస్తాయని లెక్క కట్టింది.

అయితే ఆన్ ఆర్బర్ నుంచి మనం నేర్చుకోవలసింది రేడియో సంగతి ఒక్కటే కాదు. బండి ఎవరిదో ఎవరికీ తెలియకుండానే అది చెప్పే మాటను అందరూ నమ్మేలా అక్కడి ఇంజనీర్లు ఒక ఏర్పాటు ఆలోచించారు. మన దేశంలో నమ్మకం అనగానే ముందు నంబరు, ఆ నంబరుకు పేరు, ఆ పేరుకు ఫోను, ఫోనుకు బ్యాంకు ఖాతా ముడిపెట్టడం అలవాటు. ఆ ముడి లేకుండా కూడా నమ్మకం కుదురుతుందని చూపించిన పని కాబట్టి దీన్ని మనం శ్రద్ధగా చూడాలని నా పట్టుదల.

ముందు ఆ కబురును దగ్గరగా చూద్దాం. దాన్ని అక్కడ బేసిక్ సేఫ్టీ మెసేజ్ అంటారు. అందులో అక్షాంశం, రేఖాంశం, ఎత్తు, వేగం, ఏ దిక్కుకు పోతోంది, స్టీరింగ్ ఎంత తిరిగింది, బ్రేకు పడిందా లేదా, బండి పొడవు వెడల్పు ఎంత అన్నవి ఉంటాయి. నంబరు ప్లేటు ఉండదు, ఛాసిస్ నంబరు ఉండదు, యజమాని పేరు ఉండదు. గుర్తుగా నాలుగు బైట్ల తాత్కాలిక సంఖ్య ఒకటి ఉంటుంది. ఇంకో ముఖ్యమైన సంగతి, ఈ కబురుకు తాళం వెయ్యరు. ఎదురుగా వచ్చే ముక్కూమొహం తెలియని బండికి కూడా తక్షణం అర్థం కావాలి కాబట్టి రహస్య లిపిలో పంపితే ప్రయోజనం లేదు. అందరూ వినాల్సిందే.

అందరూ వినే చోట రెండు రకాల దొంగలు పుడతారు. ఒకడు అబద్ధం చెప్పేవాడు. ఫ్లైఓవర్ మీద ల్యాప్‌టాప్‌తో కూర్చుని, లేని బండి ఒకటి సడన్ బ్రేకు వేసిందని రేడియోలో చాటితే వెనక వస్తున్న పది కార్లు గాభరాపడతాయి. ఇంకొకడు ఊరికే వినేవాడు. కూడలికొక రిసీవరు పెట్టుకుని, ఏ బండి ఎప్పుడు ఎటు పోయిందో రాసుకుంటాడు.

మొదటివాడికి విరుగుడు డిజిటల్ సంతకం. ప్రతి కబురు కింద బండి సంతకం చేస్తుంది, ఆ సంతకం అసలైనదని చెప్పే సర్టిఫికెట్‌ను జత చేస్తుంది. విన్న బండి క్షణంలో సరిచూసుకుంటుంది. కానీ ఆ విరుగుడే రెండోవాడికి వరం. బండికి ఒకే సర్టిఫికెట్ జీవితాంతం ఉంటే, అది సెకనుకు పదిసార్లు గాలిలో అరుస్తున్న రెండో నంబరు ప్లేటు అవుతుంది. మామూలు నంబరు ప్లేటు చదవాలంటే కెమెరా కావాలి, వెలుతురు కావాలి, ఎదురుగా ఉండాలి. దీనికి గోడ అవతల ఒక చిన్న ఏంటెన్నా చాలు.

ఇది ఊహ కాదనడానికి అదే దేశంలో అనుభవం ఉంది. టైర్లలో గాలి తగ్గితే చెప్పే సెన్సార్లను అమెరికా తప్పనిసరి చేసింది. ఒక్కో సెన్సారు మారని గుర్తింపు సంఖ్యను తాళం లేకుండా ప్రసారం చేస్తుందనీ, దాన్ని 40 మీటర్ల దూరం నుంచి పట్టుకోవచ్చనీ రట్గర్స్, సౌత్ కరోలినా విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2010లో చూపించారు. గాలి కొలవడానికి పెట్టిన సెన్సారు ఎవరికీ చెప్పకుండా ఆచూకీ పరికరమైపోయింది.

పేరు తీసేస్తే చాలదా అని చాలామంది అడుగుతారు. చాలదు. న్యూయార్క్ నగరం 2013 నాటి టాక్సీ ప్రయాణాల వివరాలను, 17 కోట్లకు పైగా ట్రిప్పులను, సమాచార హక్కు కింద బయటికి ఇచ్చింది. టాక్సీ నంబర్లను ఒక గణిత పద్ధతిలో గజిబిజి అక్షరాలుగా మార్చి ఇచ్చారు. టాక్సీ నంబర్లు ఉండగలిగే రూపాలు తక్కువ కాబట్టి అన్నిటికీ ఆ లెక్క వేసి పోల్చేసరికి, 2014లో ఒక సాఫ్ట్‌వేర్ నిపుణుడి చేతిలో రెండు గంటలు తిరక్కుండానే ముసుగు ఊడిపోయింది. అంతకు ముందు ఏడాది ఎంఐటీ, బెల్జియంలోని లూవెన్ పరిశోధకులు 15 లక్షల మంది మొబైల్ వాడకందారుల 15 నెలల కదలికలు పరిశీలించారు. పేర్లు లేకపోయినా, ఒక మనిషి ఏ గంటలో ఏ టవరు దగ్గర ఉన్నాడన్న నాలుగు ఆనవాళ్లు చాలు, నూటికి 95 మందిని మిగతా గుంపు నుంచి విడదీయడానికి. మనిషి తిరిగే దారి వేలిముద్ర లాంటిదే. పొద్దున ఏ వీధి నుంచి బయల్దేరాడు, సాయంత్రం ఏ ఆసుపత్రి ముందు ఆగాడు, శుక్రవారం ఏ మసీదుకు, ఆదివారం ఏ చర్చికి వెళ్లాడు అన్న సంగతి కలిపితే పేరుతో పనిలేదు.

ఈ చిక్కుముడి విప్పే పనిని అమెరికాలో కార్ల కంపెనీల ఉమ్మడి సంస్థ క్యాంప్ నెత్తికెత్తుకుంది. డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉంటుంది. నోవి, ట్రాయ్, ఫార్మింగ్టన్ హిల్స్ అంటే అక్కడి కార్ల కంపెనీలకు పనిచేసే తెలుగువాళ్ల ఇళ్లు బోలెడు ఉన్న చోట్లు. ఆ ఏర్పాటు రూపురేఖలను విలియం వైట్, ఆంద్రే వైమర్స్‌కిర్ష్, వీరేంద్ర కుమార్, థోర్‌స్టెన్ హేన్ 2013లో ఒక పరిశోధనా పత్రంలో వివరించారు. దాని పేరు సెక్యూరిటీ క్రెడెన్షియల్ మేనేజ్‌మెంట్ సిస్టమ్, పొట్టిగా ఎస్‌సీఎంఎస్.

దాని మూలసూత్రం మన పోలింగ్ బూత్‌లో ఉన్నదే. ఒక అధికారి ఓటర్ల జాబితాలో మన పేరు చూసి టిక్కు పెడతాడు. ఇంకొకరు వేలికి సిరా రాస్తారు. బ్యాలెట్ తీసుకుని తెర వెనక మనం ఎవరికి ముద్ర వేశామో ఆ బల్లల దగ్గరివాళ్లకు తెలియదు. పెట్టె విప్పి లెక్కపెట్టేవాళ్లకు మన పేరు తెలియదు. మనం నిజమైన ఓటరమని రుజువైంది, ఓటు మాత్రం పేరు లేకుండా పెట్టెలో పడింది. పంచాయతీ ఎన్నికల్లో ఇప్పటికీ వాడే పేపరు బ్యాలెట్‌కు కౌంటర్‌ఫాయిల్ కూడా ఉంటుంది. శాసనసభ, లోక్‌సభ ఎన్నికల నియమాలు దాని గురించి ఒక గట్టి కట్టుబాటు పెట్టాయి. దాని మీద ఓటరు వరుస సంఖ్య రాసి సీలు వేస్తారు, కోర్టు ఆదేశిస్తే తప్ప ఆ కట్ట విప్పకూడదు. దొంగ ఓటు పట్టుకునే దారి ఉంది, కానీ ఆ దారి ఒక్కడి చేతిలో లేదు.

ఎస్‌సీఎంఎస్‌లో కూడా బల్లలు వేరువేరు. బండి ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు దానికి నమోదు సర్టిఫికెట్ ఒకటి ఇస్తారు. అది రోడ్డు మీద ఎవరికీ చూపించేది కాదు. దాన్ని చూపించి బండి రిజిస్ట్రేషన్ అథారిటీని మారుపేరు సర్టిఫికెట్లు అడుగుతుంది. వారానికి 20 చొప్పున, మూడేళ్ల వరకు ముందే ఇచ్చేయవచ్చన్నది డిజైను. అంటే ఒక్కో బండి దగ్గర మూడు వేలకు పైగా మారుపేర్లు. ఒక్కో మారుపేరు ఆ వారానికే చెల్లుతుంది. రోడ్డు మీద ఐదు నిమిషాలకోసారి బండి పేరు మార్చుకుంటుంది. పేరు మారిన క్షణంలోనే ఆ నాలుగు బైట్ల తాత్కాలిక సంఖ్య, కబుర్ల వరుస సంఖ్య, రేడియో చిరునామా అన్నీ ఒకేసారి మారాలి. వాటిలో ఒక్కటి పాతది మిగిలినా ముసుగు వేసుకుని గొంతు మార్చుకోనట్టే.

రిజిస్ట్రేషన్ అథారిటీకి అడిగిన బండి ఏదో తెలుసు. కానీ సర్టిఫికెట్లు తయారుచేసేది అది కాదు. వేలాది బండ్ల అర్జీలను పోగేసి, పేకముక్కల్లా కలిపేసి, సర్టిఫికెట్లు ఇచ్చే ఇంకో సంస్థకు పంపుతుంది. ఆ రెండో సంస్థకు ఏ అర్జీ ఏ బండిదో తెలియదు. అది సర్టిఫికెట్ తయారుచేసి, బండి తప్ప ఇంకెవరూ తెరవలేని తాళం వేసి తిరిగి పంపుతుంది. మధ్యలో ఉన్న రిజిస్ట్రేషన్ అథారిటీ దాన్ని చేరవేస్తుంది గానీ లోపల ఏముందో చూడలేదు. ఒకరికి బండి తెలుసు, సర్టిఫికెట్ తెలియదు. ఇంకొకరికి సర్టిఫికెట్ తెలుసు, బండి తెలియదు. బండి ఏ ఊళ్లో ఉండి అర్జీ పంపిందో కూడా తెలియకుండా ఆ ఆనవాలు చెరిపేసే మధ్యవర్తి మరొకటి.

మూడు వేల సర్టిఫికెట్ల కోసం బండి మూడు వేలసార్లు అడగాలా అన్నది ఇంకో సమస్య. దానికి వాళ్లు బటర్‌ఫ్లై కీస్ అనే ఉపాయం కనిపెట్టారు. బండి ఒక మూల తాళంచెవిని ఒక్కసారి పంపుతుంది. దాని నుంచి వేల తాళంచెవులను అథారిటీ లెక్కవేసి పుట్టిస్తుంది. అవన్నీ ఒకే తల్లి పిల్లలని చూసి చెప్పలేం. వాటికి జోడైన రహస్య చెవులు మాత్రం బండి ఒక్కటే తయారుచేసుకోగలదు. గణితం తెలిసినవాళ్లు ఈ భాగం చదివి ముచ్చటపడతారు.

నాకు అన్నిటికంటే నచ్చింది దొంగను బయటికి పంపే పద్ధతి. ఎవరో పెట్టెను పాడుచేసి అబద్ధాలు ప్రసారం చేస్తున్నారనుకుందాం. పేరే తెలియని బండిని ఎలా వెలివేస్తాం? దీనికోసం లింకేజీ అథారిటీలని రెండు వేరువేరు సంస్థలు పెట్టారు. ఒక్కో బండికి ఒక్కో అథారిటీ దగ్గర ఒక రహస్య సంఖ్య ఉంటుంది. ఆ రెండు సంఖ్యలూ కలిపిన ఫలితమే ప్రతి సర్టిఫికెట్‌లో ఒక విలువగా ఇముడుతుంది. ఫిర్యాదులు పోగై తప్పు రుజువైనప్పుడు రెండు అథారిటీలూ, సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థా, రిజిస్ట్రేషన్ అథారిటీ అన్నీ సహకరిస్తేనే ఆ బండి సంఖ్యలు బయటికి వస్తాయి. వాటిని నిషేధ జాబితాలో ప్రకటిస్తారు. అప్పుడు రోడ్డు మీది ప్రతి బండీ ఆ దొంగ సర్టిఫికెట్లను, ఈ వారానివి గానీ వచ్చే ఏడాదివి గానీ, గుర్తుపట్టి చెవిన పెట్టదు.

ఇక్కడే ఇంకో సూక్ష్మం ఉంది. ఆ రహస్య సంఖ్య వారం వారం ముందుకే నడుస్తుంది, ఒకవైపే తిరిగే గణిత చక్రం మీద. ఈ వారపు సంఖ్య తెలిస్తే వచ్చే వారాలవి లెక్కవేయవచ్చు, గడిచిన వారాలవి తియ్యలేం. అంటే వెలివేసిన తర్వాత కూడా, ఆ బండి నిరుడు ఎక్కడెక్కడ తిరిగిందో ఆ జాబితా పట్టుకుని ఎవరూ తవ్వలేరు. తప్పు చేసినవాడి గతాన్ని కూడా కాపాడిన ఏర్పాటు ఇది. తప్పుకు తగినంత శిక్షే పడాలి, అంతకు మించి ఒక్క అడుగు కూడా అతని జీవితంలోకి వెళ్లకూడదన్న విలువను గణితంలో రాసిపెట్టారు. ప్రభుత్వ వ్యవస్థల గురించి రాసేవాడిగా నేను ఇంతటి మర్యాదను డిజైనులో చూసింది చాలా తక్కువ.

ఇందులో లోపాలు లేవని కాదు. రాత్రి రెండింటికి ఖాళీ రోడ్డు మీద ఒక్క బండే పోతోంది. అది పేరు మార్చుకుంటే వినేవాడు మోసపోతాడా? ఒక క్షణం ముందు ఇక్కడున్న బండి, ఇప్పుడు మూడు మీటర్ల ముందు కొత్త పేరుతో ఉంది. పసిపిల్లవాడు కూడా కలిపేస్తాడు. ఊరంతా రిసీవర్లు పెట్టుకున్నవాడికి ఉత్త పేరు మార్పిడి పెద్ద అడ్డు కాదని 2010లోనే యూరప్ పరిశోధకులు చూపించారు. రద్దీ కూడళ్లలో అనేక బండ్లు ఒకేసారి పేరు మార్చుకోవాలని కొందరు, మార్చే ముందు కాసేపు మౌనంగా ఉండాలని ఇంకొందరు సూచించారు. మౌనం మంచిదే గానీ, ప్రమాదాలు జరిగేది కూడా ఆ కూడళ్లలోనే. గోప్యత కోసం బండి నోరు మూసుకున్న ఆ కొద్ది సెకన్లలో ఒక స్కూటరు కిందపడితే? దీనికి తేలికైన జవాబు లేదు. వెంబడించడం అసాధ్యం కావాలని ఇంజనీర్లు పట్టుబట్టలేదు. ఒక మనిషిని వెంబడించాలంటే ఇవాళ ఎంత ఖర్చు, ఎంత శ్రమ అవుతాయో ఈ రేడియో వచ్చాక కూడా అంతే కావాలని, తగ్గకూడదని చూశారు. అది నిజాయితీ గల లక్ష్యం.

యూరప్ ఇదే సమస్యను కాస్త వేరుగా తీర్చింది. అక్కడ కూడా బండిని గుర్తుపట్టే సంస్థ ఒకటి, టికెట్లనే మారుపేరు సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థ మరొకటి. వారానికి 100 టికెట్ల వరకు ఒకేసారి చెల్లుబాటులో ఉండవచ్చు. ముందుగా నింపుకోగలిగేది మాత్రం మూడు నెలలకే. లింకేజీ సంఖ్యలు లేవు, బండ్ల నిషేధ జాబితా లేదు. దొంగ దొరికితే కొత్త టికెట్లు ఆపేస్తారు, ఉన్నవి అయిపోయేదాకా ఓపిక పడతారు. దొంగకు కొంత గడువు దక్కినా ఫరవాలేదు, బండ్ల మారుపేర్లను కలిపే సాధనమే పుట్టకూడదన్నది వాళ్ల లెక్క. మూడేళ్ల టికెట్లు ముందే ఇచ్చే అమెరికాకు జాబితా తప్పనిసరైతే, మూడు నెలలవే ఇచ్చే యూరప్‌కు అది లేకుండా గడిచిపోతుంది. పైగా యూరప్ గోప్యతా సంస్థల కూటమి 2017 అక్టోబరులో ఇంకో మాట తేల్చింది. పేరు లేకపోయినా, సంతకంతో వచ్చే ఈ కబుర్లు వ్యక్తిగత సమాచారమే, చట్టం వీటికి పూర్తిగా వర్తిస్తుందని.

యూరప్‌లో మనకు ఇంకా దగ్గరైన ఉదాహరణ ఈకాల్. 2018 మార్చి 31 నుంచి అక్కడ కొత్త మోడల్ కార్లలో తప్పనిసరి. పెద్ద ప్రమాదం జరిగితే కారు తనంతట తాను 112కు ఫోను చేసి ఎక్కడుందో చెబుతుంది. అందులో సిమ్ ఉంటుంది గానీ మామూలు రోజుల్లో అది నిద్రపోతుంది, ఏ టవరుకూ తన ఉనికి చెప్పదు. లోపల చివరి మూడు చోట్ల ఆనవాలు మాత్రమే ఉంచుకుని పాతవి చెరిపేస్తూ ఉంటుంది. ఎల్లవేళలా వెంబడించడానికి దాన్ని వాడకూడదని చట్టంలోనే రాశారు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆచూకీ తెలియాలి, మిగతా రోజుల్లో ఎవరికీ తెలియకూడదు అన్న రెండు కోరికలూ ఒకే పెట్టెలో ఇమిడాయి.

అమెరికా కథలో చేదు భాగం కూడా చెప్పాలి. ఈ రేడియోను కొత్త కార్లన్నిటిలో తప్పనిసరి చేయాలని ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ 2016 డిసెంబరులో ప్రతిపాదించింది. అది ముందుకు సాగలేదు, 2023లో వెనక్కి తీసుకున్నారు. 1999లో దీనికోసం కేటాయించిన 75 మెగాహెర్ట్జ్ తరంగాల్లో 45ను 2020 నవంబరులో వైఫైకి ఇచ్చేశారు. ప్రాణాలు కాపాడే రేడియో, దానితో పాటు ఆ చక్కని గోప్యతా ఏర్పాటూ కొన్ని నగరాల, రాష్ట్రాల ప్రయోగాలకే పరిమితమయ్యాయి. ఈలోగా అవే కార్లలోకి సిమ్ కార్డు ఇంకో దారిలో వచ్చి కూర్చుంది. దానికి మారుపేర్లు లేవు, బల్లలు వేరు లేవు. జనరల్ మోటార్స్, దాని ఆన్‌స్టార్ సంస్థ బండ్ల ఖచ్చితమైన ఆచూకీని మూడు సెకన్లకోసారి కూడా సేకరించి, డ్రైవింగ్ తీరు వివరాలతో కలిపి అమ్మాయని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025 జనవరిలో ఆరోపించింది. ఆ వివరాలు బీమా ధరల దాకా వెళ్లాయి. అలాంటి సమాచారాన్ని బీమా కంపెనీలకు చేరవేసే సంస్థలకు ఐదేళ్లపాటు ఇవ్వకూడదని కమిషన్ కట్టడి చేసింది. జర్మనీలో 2024 డిసెంబరులో ఫోక్స్‌వాగన్ గ్రూపుకు చెందిన సుమారు 8 లక్షల ఎలక్ట్రిక్ కార్ల వివరాలు క్లౌడ్‌లో రక్షణ లేకుండా పడి ఉన్నాయని కేయాస్ కంప్యూటర్ క్లబ్, డేర్ ష్పీగెల్ పత్రిక బయటపెట్టాయి. వాటిలో సుమారు 4,60,000 కార్లు ఎక్కడ ఆగాయో చాలా ఖచ్చితంగా తెలిసిపోయింది.

ఆన్ ఆర్బర్ పాఠాన్ని రేడియోకే పరిమితం చేస్తే ఇలాగే అవుతుంది. బండి నుంచి బయటికి వెళ్లే ప్రతి దారికీ ఆ సూత్రం వర్తించాలి.

ఇప్పుడు మన రోడ్ల మీదికి వద్దాం. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే కారును పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్‌గేట్లలో ఫాస్టాగ్ చదువుతుంది. 2021 ఫిబ్రవరి నుంచి అది తప్పనిసరి. ప్రతి గేటు దగ్గరా సమయంతో సహా బండి నంబరు, దానికి ముడిపడిన ఖాతా నమోదవుతాయి. ఒక్క ప్రయాణంలో మూడు ఆనవాళ్లు. ఎంఐటీ లెక్కను టోల్‌గేట్లకు ఉన్నదున్నట్టు వర్తింపజేయలేం గానీ, ఇక్కడ లెక్కతో పనే లేదు, పేరే రాసి ఉంది. టోలు కట్టినట్టు రుజువు కావాలి, నిజమే. డబ్బు ముట్టాక, తగాదా గడువు దాటాక ఆ వరుస ఎవరి దగ్గర, ఎన్నాళ్లు ఉండాలన్నది మనం గట్టిగా అడగాల్సిన ప్రశ్న.

టాక్సీలు, బస్సుల సంగతి ఇంకా బరువైనది. 2019 జనవరి 1 నుంచి కొత్తగా రిజిస్టరయ్యే ప్రయాణికుల వాహనాల్లో ఆచూకీ పరికరం, ఆపద బటన్ ఉండాలని కేంద్రం నియమం తెచ్చింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020 నవంబరులో విశాఖ ఆటోలతో ఇలాంటిదే ‘అభయం’ అనే పథకం మొదలుపెట్టింది. రాత్రి ఒంటరిగా ఆటో ఎక్కే అమ్మాయికి ఆ బటన్ ఎంత ధైర్యమో నాకు తెలుసు, దాన్ని తీసేయాలని ఎవరూ అనరు, నేనూ అనను. కానీ ఆమె క్షేమంగా దిగిపోయిన తర్వాత ఆ ప్రయాణం రాసి ఉన్న పుస్తకం ఎందుకు? రోజుకు పద్నాలుగు గంటలు బండి నడిపే డ్రైవరు భోజనానికి ఎక్కడ ఆగాడో, ఏ సంఘం మీటింగుకు వెళ్లాడో ఎవరికి కావాలి? ఈకాల్ తరహాలో బటన్ నొక్కిన క్షణం నుంచే ఆచూకీ బయటికి వెళ్లేలా, అంతకుముందు కొద్ది నిమిషాలది మాత్రమే పెట్టెలో ఉండేలా చెయ్యడం సాంకేతికంగా సాధ్యమేనని యూరప్ చూపింది. అద్దె బండిని యజమాని ఎక్కడుందో చూసుకోవాలంటే అది వేరే ఒప్పందం, వేరే సర్వరు.

సమాచారం ఒకచోట పోగైతే ఏమవుతుందో మనకూ అనుభవం ఉంది. బండ్ల రిజిస్ట్రేషన్, లైసెన్సుల కేంద్ర జాబితాలైన వాహన్, సారథిల నుంచి టోకున వివరాలు అమ్మే విధానాన్ని రవాణా శాఖ 2019లో ప్రకటించింది. 87 ప్రైవేటు కంపెనీలకు, 32 ప్రభుత్వ సంస్థలకు వివరాలు అందాయని, 65 కోట్ల రూపాయలు వచ్చాయని అదే ఏడాది జులైలో పార్లమెంటులో చెప్పారు. దుర్వినియోగం భయంతో 2020లో ఆ విధానాన్ని రద్దు చేశారు. రద్దు చేసినందుకు సంతోషమే. కానీ అప్పటికే వెళ్లిపోయిన వివరాలు తిరిగి రావు. నిబంధనను ఒక సర్క్యులర్‌తో మార్చవచ్చు. రెండు సంస్థల మధ్య విడగొట్టి పెట్టిన రహస్యాన్ని సర్క్యులర్‌తో కలపడం అంత తేలిక కాదు. 2017లో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది, 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. ఆ చట్టమే ప్రభుత్వ సంస్థలను మినహాయించే అధికారం కేంద్రానికి ఇచ్చింది. చట్టంలో మినహాయింపు రాసుకోవచ్చు, ఒకవైపే తిరిగే గణితానికి మినహాయింపు ఉండదు. అందుకే రక్షణను డిజైనులోనే పెట్టమని అడుగుతున్నాను.

బండ్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే రేడియో గురించి మన దేశంలోనూ చర్చ నడుస్తోంది. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో డ్రైవరు లేని బండ్లను పరీక్షించే తిహాన్ ప్రాంగణం 2022 నుంచి ఉంది. బల్లలు వేరుచేసిన సర్టిఫికెట్ల ఏర్పాటును మన రద్దీలో, మన ఆటోలూ బైకుల మధ్య పరీక్షించడానికి అంతకంటే మంచి చోటు తెలుగు నేల మీద నాకు కనిపించదు. మన కూడళ్లలో బండ్ల కిక్కిరింపు పేరు మార్పిడికి అనుకూలం కూడా. అమెరికా శివార్ల ఖాళీ రోడ్ల మీద పనిచేయని ముసుగు దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తాలో బాగా పనిచేయవచ్చు. బైకులకు తక్కువ ధరలో వచ్చే పెట్టె కావాలి, అది వేల సర్టిఫికెట్లు దాచుకోలేకపోతే యూరప్ దారిలో తక్కువ గడువుకు తక్కువ టికెట్లు ఇవ్వాలి. మనకు యూరప్ దారే కుదురుతుందని నా అభిప్రాయం. నిషేధ జాబితాను దేశంలోని కోట్ల బైకులకు చేరవేయడం కంటే కొత్త టికెట్లు ఆపేయడం సులువు.

ఇవన్నీ టెండరు పిలవకముందే తేలాలి. రహస్య చెవులు దాచే చిప్పు ఒకసారి లక్షల బండ్లలోకి ఎక్కాక మార్చడమంటే ప్రతి బండినీ వర్క్‌షాపుకు పిలవడమే. బండి ఏదో తెలిసిన బల్ల రవాణా శాఖ దగ్గర ఉండనివ్వండి, ఆ జాబితా ఎలాగూ వాళ్లదే. టికెట్లు ఇచ్చే బల్ల ఆ శాఖకు గానీ హోం శాఖకు గానీ జవాబు చెప్పని సంస్థ దగ్గర, వేరే ఊళ్లో, వేరే ఉద్యోగులతో ఉండాలి. రెండింటినీ కలపాలంటే హైకోర్టు ఆదేశం కావాలి, ఏడాదిలో ఎన్నిసార్లు కలిపారో ఆ సంఖ్యను శాసనసభ ముందు పెట్టాలి.